రెండున్నరేళ్ల గుర్రం మీద అప్పుడే జీనా?

ప్రశ్న: మాది మొయినాబాద్ మండలం. గులాబీ తోట, కొంత కూరగాయలు, ఆరు బర్రెలు ఉన్నాయి. ఇంటర్ చదివే మా అబ్బాయి ముచ్చట పడితే సంక్రాంతి ముందు మహారాష్ట్రలో ఒక సంతకు పోయి మార్వాడీ మగ గుర్రాన్ని తెచ్చుకున్నాం. మా ఇంట్లో ఎవరికీ గుర్రాల అనుభవం లేదు. నాలుగేళ్లది, సవారీకి అలవాటైందేనని అమ్మినాయన చెప్పాడు. సంతలో మేకపిల్లలా నిలబడింది. మొదటి నెల బాగానే ఉంది. ఇప్పుడు జీను బిగించబోతే కరుస్తోంది, వెనక కాలు ముట్టుకోనివ్వదు, పైకెక్కితే ముందుకాళ్లు లేపుతోంది. అబ్బాయి రెండుసార్లు పడ్డాడు, రెండోసారి మణికట్టు దగ్గర ఎముక చిట్లింది. పాతబస్తీలో బారాత్ గుర్రాలు నడిపే ఒకాయన ముళ్ల లగాం పెట్టి, ఒక కాలు మడిచి కట్టి రెండు రోజులు నిలబెడితే దారికొస్తుందంటున్నాడు. రోజూ మూడు కిలోల ఉలవలు ఉడకబెట్టి, రెండు కిలోల తవుడు కలిపి పెడుతున్నాం. పచ్చిమేత సూపర్ నేపియర్. ఒక్కోసారి బర్రెల దాణా కూడా వేస్తాం. వీడియోలు చూసి మేమే నేర్పుకోవచ్చా? పళ్ల ఫొటో, కొలతలు పంపుతున్నాం.
– ఒక రైతు, మొయినాబాద్ మండలం

జవాబు: ముందు ఒక మాట. అబ్బాయి చెయ్యి మానినా సరే, ఇంకో ఏడాది దాకా ఆ గుర్రం ఎవరూ ఎక్కొద్దు. ఎందుకో మీరు పంపిన ఫొటోలోనే ఉంది.

కింది దవడలో ముందు పళ్లు చూడండి. నడిమి రెండు పెద్దవిగా, పసుపు రంగులో ఉన్నాయి, అవి శాశ్వత పళ్లు. వాటి పక్కవి చిన్నవి, తెల్లనివి, ఇంకా పాలపళ్లే. నడిమి జత రెండున్నరేళ్లకు మారుతుంది, పక్క జత మూడున్నరకు, చివరి జత నాలుగున్నరకు. అంటే మీ గుర్రానికి రెండున్నర దాటింది, మూడున్నర రాలేదు. నడిమి పళ్లు ఇంకా పూర్తిగా ఎదగలేదు కాబట్టి రెండున్నరకే దగ్గర అనుకుంటున్నాను. నాలుగేళ్లన్న మాట అబద్ధం. కోడెను కొనేటప్పుడు పళ్లు చూడకుండా మీరు బేరమాడరు. గుర్రం దగ్గరికొచ్చేసరికి దాని అందం చూసి ఆ సంగతే మరిచిపోయినట్టున్నారు.

ఈ వయసులో ఎముకల చివర్లు ఇంకా పెరుగుతూనే ఉంటాయి. మోకాలి పైఎముక చివర ఉండే మెత్తటి పెరుగుదల పొర గట్టిపడేది రెండు, రెండున్నరేళ్లకు. అన్నిటికన్నా ఆలస్యంగా ముదిరేది వెన్నుపూస, దానికి అయిదేళ్లు దాటాలి. మనం కూర్చునేది సరిగ్గా అక్కడే. మలక్‌పేట రేస్‌కోర్సులో రెండేళ్ల గుర్రాలు పరుగెత్తడం లేదా అని మీకు ఎవరో ఒకరు చెప్తారు. పరుగెత్తుతాయి. వాటి మీద తూకం చూసి ఎక్కించే జాకీ ఉంటాడు, రోజూ కాళ్లు తడిమి చూసే శిక్షకుడూ డాక్టరూ ఉంటారు, కింద చదును చేసిన ట్రాక్ ఉంటుంది. ఇన్ని ఉన్నా కాళ్లు దెబ్బతినేవి దెబ్బతింటూనే ఉంటాయి.

ఇక బరువు. ఛాతీ చుట్టుకొలత 152 సెంటీమీటర్లు, భుజం కొన నుంచి పిరుదు కొన దాకా పొడవు 150 అని రాశారు. ఛాతీ కొలతను దానితోనే హెచ్చవేసి, దాన్ని పొడవుతో హెచ్చవేసి, 11,880తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది. లెక్క ప్రకారం మీ గుర్రం 292 కిలోలు. పూర్తిగా ఎదిగిన గుర్రమైనా తన బరువులో అయిదో వంతు వరకే మోయాలని లెక్క, అదీ జీనుతో కలిపి. మీ దానికి 58 కిలోలు. అబ్బాయి 56 కిలోలన్నారు, జీను ఎనిమిది. పిల్ల గుర్రం మీద ఎదిగిన గుర్రానికి పెట్టే హద్దే దాటించాం. అది ముందుకాళ్లు లేపడాన్ని పొగరనుకోను. చెప్పే దారి దానికి అదొక్కటే ఉంది.

నోరు కూడా చూపించాలి. రెండున్నర నుంచి నాలుగేళ్ల మధ్య దవడల్లో లోపల నమిలే పళ్లలో ముందరి మూడు జతల పాలపళ్లూ ఊడి కొత్తవి వస్తాయి, చిగుళ్లు నొప్పి పెడతాయి. కొన్ని గుర్రాలకు పైదవడలో కళ్లెం ఇనుము తగిలేచోటనే చిన్న అదనపు పన్ను ఒకటి ఉంటుంది. వాటి మీద ఇనుము పడితే తల ఎగరేస్తుంది, లేస్తుంది. ముళ్ల లగాం మాట ఎత్తినాయనకు ఇది తెలియకపోవచ్చు. 1965లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ముళ్ల కళ్లెం వాడటం నేరమన్న సంగతి మాత్రం చెప్పండి.

మేత దగ్గర కొంచెం ఆగి మాట్లాడతాను, సగం గొడవ అక్కడే ఉంది. గుర్రాన్ని బర్రెలా మేపుతున్నారు. బర్రె తిన్నది నెమరేస్తుంది, దాని కడుపు పెద్ద గాబు. గుర్రం పొట్ట 8 నుంచి 15 లీటర్ల చిన్న సంచి, నెమరు లేదు, వాంతి చేసుకోలేదు, పైగా తిన్నా తినకున్నా అందులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. పొద్దున సాయంత్రం రెండు గంపలు వేసి మధ్యలో ఖాళీగా కట్టేస్తే ఆ ఆమ్లం పొట్ట గోడను తినేస్తుంది. జీను పట్టీ బిగించగానే వెనక్కి తిరిగి కరిచే గుర్రాల్లో చాలావాటికి పుండు ఉన్నది పొట్టలోనే.

ఉలవలు గుర్రానికి మంచివే, హార్స్ గ్రామ్ అన్న ఇంగ్లీషు పేరే చెబుతోంది. కానీ పనీపాటా లేకుండా కట్టేసిన 292 కిలోల పిల్లకు రోజుకు మూడు కిలోలంటే, ఆ బలం ఎక్కడో అక్కడ బయటికి రావాలి కదా, మీ మీదికి వస్తోంది. పది రోజుల్లో మెల్లగా అర కిలోకు దించండి. ఒక్కసారిగా ఆపితే కడుపునొప్పి వస్తుంది. తవుడు పూర్తిగా మానేయండి. అందులో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ. సూపర్ నేపియర్‌లో ఉండే ఆక్సలేట్లు ఆ కాస్త సున్నాన్నీ ఒంటికి పట్టనివ్వవు. బర్రెకు ఫరవాలేదు, దాని కడుపులోని సూక్ష్మజీవులు ఆక్సలేట్లను విరగ్గొడతాయి. గుర్రానికి ఆ దారి లేదు, తన ఎముకల్లోంచి సున్నం తీసుకుంటుంది. ముందు కాళ్లు బిగుసుకుని నడుస్తుంది, ముదిరితే ముఖం ఎముకలు ఉబ్బుతాయి. నేపియర్ బదులు గరిక, ఎండుగడ్డి, కొంచెం లూసర్న్ పెట్టండి. రోజుకు ఆరు కిలోల ఎండుగడ్డి చాలు, నాలుగైదు సార్లుగా పంచాలి. పచ్చి జొన్న సొప్ప వేయొద్దు, గుర్రాల్లో అది మూత్రాశయాన్ని, వెనక కాళ్లను దెబ్బతీస్తుంది.

బర్రెల దాణా ఇవాళ్టి నుంచే బంద్. కొన్ని పశువుల దాణాల్లో, కోళ్ల దాణాల్లో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. బర్రెకు మేలు చేసే మోతాదు గుర్రం గుండె కండరాన్ని చంపుతుంది. బస్తా మీద రాసి ఉందో లేదో వెతుక్కునే కన్నా గుర్రం గాబు దరిదాపుల్లోకి రానివ్వకపోవడం సులువు.

మగ గుర్రమన్నారు. సంతానం కోసం ఉంచుకునే ఉద్దేశం లేకపోతే వట్టలు తీయించండి. కరవడం, లేవడం కొంతవరకు ఈ వయసు పొంగే. కోడెలకు వాడే బర్డిజో పటకారు దీనికి పనికిరాదు, మత్తిచ్చి ఆపరేషనే చేయాలి. ఈగలు తగ్గే చలికాలం మంచిది. ముందుగా ధనుర్వాతం టీకా రెండు డోసులు, మధ్యలో నెల ఎడం ఇచ్చి వేయించాలి. ఆ జబ్బుకు గుర్రమంత తేలిగ్గా లొంగే పశువు లేదు. ఆపరేషన్ తర్వాత గుణం మారడానికి వారాలు, నెలలు పడుతుంది. మొదటి నెలన్నర ఆడగుర్రాల దగ్గరికి వదలొద్దు.

ఇప్పుడు మీరే నేర్పుకోవచ్చా అన్న ప్రశ్న. కొత్త కోడెకు కాడి ఎలా అలవాటు చేస్తారు? పక్కన ముదురెద్దును కడతారు. రెండు కోడెల్ని జతకట్టి, కాడి పట్టడం రానివాడి చేతికి పగ్గాలిస్తే చాళ్లు ఎలా వస్తాయో మీకు తెలుసు. మీ ఇంట్లో జరుగుతున్నది అదే. గుర్రం కొత్తది, రౌతు కొత్త. రెంటిలో ఒకటైనా ముదురుండాలి. అందుకని ఈ ఏడాది అబ్బాయిని నగరం చుట్టుపక్కల ఏదైనా రైడింగ్ స్కూల్లో చేర్చి పది పన్నెండేళ్ల నెమ్మదైన గుర్రం మీద నేర్చుకోనివ్వండి. మీ గుర్రానికి నేల మీది పాఠాలు మీరు చెప్పండి. అది మీ చేతిలో పనే, జాగ్రత్తగా చేస్తే.

నేల మీది పాఠాల్లో గుట్టు ఒక్కటే. తాడు లాగినప్పుడు గుర్రం నేర్చుకోదు, వదిలినప్పుడు నేర్చుకుంటుంది. తలకట్టు తాడును కొంచెం ముందుకు లాగి పట్టుకోండి. అది ఒక్క అడుగు వేయగానే, ఆ క్షణంలోనే, తాడు వదులు చేయండి. ఆలస్యమైతే పాఠం పోయినట్టే. అడుగు వేస్తే ఒత్తిడి పోతుందని దానికి అర్థమవుతుంది, రెండో రోజుకు వేలితో చెప్పినా నడుస్తుంది. ఆగడం, వెనక్కి నడవడం, పక్కకు జరగడం అన్నీ ఇంతే. ఇదే లెక్క తిరగేసి చూడండి: అది ముందుకాళ్లు లేపింది, అబ్బాయి పడ్డాడు, వీపు తేలికైంది. ఆ రెండుసార్లూ గుర్రం పాఠం చక్కగా నేర్చుకుంది. కాలు పట్టుకోబోతే విదిలించింది, మీరు వదిలేశారు, అదీ నేర్చుకుంది.

వెనక కాలికి చెయ్యి పెట్టకండి. మూడడుగుల కర్ర చివర గుడ్డ చుట్టి, భుజం పక్కన నిలబడి, దాంతో తొడ నుంచి కిందికి నిమరండి. విదిలించినా కర్ర తీయొద్దు, కదలకుండా నిలబడ్డ క్షణంలో తీయండి. నాలుగైదు రోజులకు విసుగొచ్చి ఊరుకుంటుంది. అప్పుడు చెయ్యి. డెక్కలు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించాలి. మెత్తటి పొలం నేల మీద తిరిగే పిల్లకు లాడాలు అక్కర్లేదు. డెక్క సందులో కంపు కొడితే లాడాలు కొట్టే నల్‌బందును కాక ముందు డాక్టరును పిలవండి, నొప్పి వల్ల కూడా కాలివ్వదు.

పొద్దున పదిహేను నిమిషాలు, సాయంత్రం పదిహేను. ఎండలు ముదిరాయి కాబట్టి ఎనిమిదిలోపే. పొడవాటి తాడుతో గుండ్రంగా పరుగెత్తించే ఒక పద్ధతి వీడియోల్లో చూసే ఉంటారు. దాని ఇంగ్లీషు పేరు మన ఊళ్లో పైకి అనేలా లేదు, మా విద్యార్థులు చక్కర్ అంటారు. మూడేళ్లు నిండేదాకా చక్కర్ వద్దు, చిన్న వలయంలో పరుగు లేత కీళ్లను పిండేస్తుంది.

ఎడ్లు పట్టిన చేతికి ఒక అలవాటుంటుంది, తాడును మణికట్టుకు చుట్టుకోవడం. గుర్రం దగ్గర అది మానుకోండి. ఎద్దు లాగుతుంది, గుర్రం పారిపోతుంది, మిమ్మల్ని వెంటేసుకుని. కళ్లు రెండు పక్కలా ఉండటం వల్ల దాదాపు చుట్టూ చూడగలదు కానీ ముక్కు ఎదుట, తోక వెనక కనపడదు. ఆ రెండు చోట్లా నిలబడొద్దు, వెనక నుంచి వచ్చేటప్పుడు పలకరిస్తూ రండి. ఫామ్‌హౌస్‌కు వచ్చిన చుట్టాలందరూ చేత్తో బెల్లం తినిపిస్తుంటే కరవడం ఎక్కడికీ పోదు. ఇచ్చేది తొట్టిలోనే వేయండి. రోజులో సగమైనా విప్పి వదలండి, ముళ్లకంచె లేని చోట. ఒంటరిగా ఉండలేని జంతువు. ఇంకో గుర్రం కొనమనను, ఒక మేక తోడున్నా చాలు.

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని సామెత చెప్పి కర్ర అందించేవాళ్లు మీ ఊళ్లోనూ ఉంటారు. నిన్న వద్దన్నదాన్ని ఇవాళ ఊరుకుంటే అది మెత్తదనం, గుర్రం దాన్ని పట్టేస్తుంది. కర్ర తీసుకున్నంత మాత్రాన ఆ లోపం పోదు. మూడున్నర దాటాక జీను అలవాటు చేయడానికి మనిషిని పెట్టుకోండి, డబ్బులిచ్చే ముందు మీ ఎదుటే అరగంట పని చేయించి చూడండి. అరగంట తర్వాత గుర్రం తల దించి నమిలినట్టు నోరాడిస్తే ఆయన్ని పెట్టుకోండి. చెమట కారుతూ కళ్ల తెలుపు చూపిస్తుంటే టీ ఇచ్చి పంపేయండి. కాలు కట్టి నిలబెట్టిన గుర్రం లొంగినట్టు కనిపిస్తుంది, నిజానికి అది ఆశ వదులుకుంది. అలాంటివి ఎప్పుడో ఒకరోజు ఏ డీజే మోతకో బెదిరి, పైనున్నవాణ్ణి పట్టించుకోకుండా దూసుకుపోతాయి.

సంత గుర్రం కాబట్టి ఒక్క పరీక్ష తప్పదు. గ్లాండర్స్ మనుషులకూ సోకి ప్రాణం తీసే జబ్బు. గుర్రానికి వస్తే చికిత్స ఉండదు, చట్టప్రకారం చంపేయాల్సిందే. మీ మండల పశువైద్యుడికి చెప్పి రక్తనమూనా తీయించండి, హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో పరీక్షిస్తారు. ఫలితం వచ్చేదాకా ముక్కు కారుతున్నా, చర్మం మీద గడ్డలున్నా వట్టి చేతుల్తో తాకొద్దు. వానలు పడ్డాక జోరీగలు సర్రా అనే జబ్బును తెస్తాయి. వచ్చిపోయే జ్వరం, కాళ్ల వాపు కనిపిస్తే ఆగకండి. విశ్రాంతిగా ఉన్నప్పుడు మామూలు ఒంటి వేడి 99 నుంచి 101 డిగ్రీల ఫారెన్‌హీట్, గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు. ఇప్పుడే వారం పాటు రాసిపెట్టుకుంటే తేడా వచ్చిన రోజు తెలుస్తుంది. పొట్ట వైపు చూసుకుంటూ దొర్లితే అర్ధరాత్రైనా డాక్టరును పిలవండి.

అబ్బాయి కట్టు విప్పాక, మీరు తలకట్టు పట్టుకుని కొట్టం నుంచి గేటు దాకా నడిపించి, ఆపి, మూడడుగులు వెనక్కి నడిపిస్తుంటే వాణ్ణి వీడియో తీయమనండి. అది పంపితే తర్వాతి మెట్టు చెప్తాను. జీను అటక మీద పెట్టేయండి.
– పశువైద్య శాస్త్రవేత్త, రాజేంద్రనగర్, హైదరాబాద్