దేవుడు కట్టిన వాయిదా

ప్రశ్న: నేను చిత్తూరులో ఉంటాను. ప్రభుత్వ పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా పని చేసి రిటైరయ్యాను. మా తాతగారి కాలం నుంచి క్రైస్తవులం. ఆయనకు వయసులో ఉండగా క్షయ వస్తే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో నయమైంది. ఆ తర్వాతే మా ఇంట్లో చదువులు మొదలయ్యాయి. నేను చాలా ఏళ్లుగా సంఘ పెద్దను. నాకు ఒక్కడే కొడుకు, వయసు 34, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాడి ఇంజనీరింగ్ ఫీజుల కోసం నేను పీఎఫ్ నుంచి అప్పు తీశాను, మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టింది. వాడు చర్చికి వెళ్లడం మానేసి కొన్నేళ్లయింది. ఈ జూన్‌లో అక్కడ అపార్ట్‌మెంట్‌లో ఇల్లు కొన్నాడు. గృహప్రతిష్ఠ కూడిక పెడదామని మా పాస్టరు గారిని వెంటబెట్టుకుని వెళ్లాం. వాడు వద్దన్నాడు. నేను గట్టిగా అడిగేసరికి బంధువులందరి ముందు, "ఈ ఇంటికి నెలనెలా వాయిదా కట్టేది నేను. దేవుడు కట్టిన వాయిదా ఒక్కటి చూపించు నాన్నా" అన్నాడు. ఆ రాత్రే బస్సెక్కి వచ్చేశాం. క్షమాపణ చెప్పేదాకా మా గడప తొక్కవద్దన్నాను. గర్వం వాడిని తినేస్తోంది. గర్వించి పశువులా గడ్డి మేసిన బబులోను రాజు నెబుకద్నెజరు కథ బైబిల్లో నుంచి తీసి ఫోనులో పంపాను. చదివాడు, జవాబు లేదు. మా ఆవిడ నాకు తెలియకుండా వాడితో మాట్లాడుతోంది. సంఘంలో ఒకాయన, సొంత ఇంటిని ఏలలేనివాడు సంఘాన్ని ఏం చూసుకుంటాడన్న వాక్యం నా ముందే ఎత్తాడు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. క్రిస్మస్ వస్తోంది. వాడిని దారికి తెచ్చేదెలా?

జవాబు: మాస్టారు గారికి వందనాలు.

మీ అబ్బాయి అన్న మాట తప్పు. పదిమంది ముందు అనడం ఇంకా తప్పు. నేను అతని పక్షం తీసుకుంటున్నానని మీరు మధ్యలో అనుకునే అవకాశం ఉంది కాబట్టి ఇది ముందే చెబుతున్నాను.

ఇప్పుడు ఆ మాటను కొంచెం నిదానంగా చూద్దాం. "నాకు నమ్మకం లేదు" అని ఉంటే మీకు బాధ కలిగేది, కానీ రాత్రికి రాత్రి బస్సెక్కేవారా? అతను అలా అనలేదు, లెక్క అడిగాడు. ఆ లెక్కలో దేవుడితో పాటు మరో ఇద్దరు కొట్టుకుపోయారు. ఒకరు పీఎఫ్ అప్పు తీసిన తండ్రి, ఇంకొకరు గాజులు తీసి ఇచ్చిన తల్లి. మీ ఉత్తరంలో ఆ రెండు సంగతులు ఒకే వాక్యంలో వచ్చి వెళ్లిపోయాయి. మిగతాదంతా దేవుడి గురించి, అతని గర్వం గురించే రాశారు. నాకు అనిపిస్తున్నది ఏమిటంటే, ఆ రోజు మీకు తగిలిన దెబ్బలో సగానికి పైగా మీ సొంతం. "నీ కష్టమేనా, మా కష్టం ఏమైంది?" అని అడగాలనిపించింది. అలా అడిగితే చిన్నతనం, కన్నవాళ్లు చేసింది చెప్పుకోకూడదు. అందుకని ఆ ప్రశ్నను దేవుడి నోట పెట్టి అడిగారు. చాలామంది భక్తిగల తండ్రులు చేసే పని ఇదే. దీనివల్ల వచ్చే చిక్కు ఏమిటంటే, కొడుకు దేవుడితో వాదించడానికి సిద్ధపడతాడు, తండ్రి నొచ్చుకున్నాడన్న సంగతి అతనికి తెలియనే తెలియదు.

తిరుపతిలో ఉండి ఇలా ఉత్తరాలకు జవాబులు రాసేదాన్ని కాబట్టి మరో మాట చెప్పాలి. ఇదే ఉత్తరం నాకు హిందూ కుటుంబాల నుంచి కూడా వస్తుంది. కొండకు రమ్మంటే రాడు, మనవడికి పుట్టువెంట్రుకలు తీయిస్తామని మొక్కుకుంటే నవ్వుతాడు, బెంగళూరు వెళ్లాక వీడికి కళ్లు నెత్తికెక్కాయి అని రాస్తారు. దేవుడు వేరు, తండ్రి కోపం ఒకటే. కనుక ఇది మీ సంఘానికి మాత్రమే పట్టిన జబ్బు అనుకుని సిగ్గుపడనక్కరలేదు.

అయితే క్రైస్తవ ఇళ్లలో దీనికి ప్రత్యేకమైన మలుపు ఒకటి ఉంది. మీ అబ్బాయి చిన్నప్పుడు ఆదివారం కూడికల్లో ఎలాంటి సాక్ష్యాలు విన్నాడో గుర్తు చేసుకోండి. దేవుడు మాకు స్థలం ఇచ్చాడు, కారు ఇచ్చాడు, మా అమ్మాయికి అమెరికా వీసా ఇచ్చాడు. ఇప్పుడవి వాట్సాప్ స్టేటస్‌లలోకి వచ్చాయి, క్రిస్మస్ ఫ్లెక్సీల మీద యేసుప్రభువు బొమ్మ కంటే కమిటీ సభ్యుల ఫొటోలు పెద్దవయ్యాయి. నా మాట కటువుగా ఉంటే మన్నించండి, కానీ దేవుడిని ఆస్తుల లెక్కలోకి దించింది మీ అబ్బాయి కాదు. ఏ పద్దు పుస్తకాన్ని చూస్తూ పెరిగాడో అదే తెరిచి, ఈ కాలమ్ ఖాళీగా ఉందేమిటని అడిగాడు. వీసా రాని పిల్లల తల్లిదండ్రులు ఆ కూడికల్లో ఏమనుకుంటూ కూర్చునేవారో మనం అడగలేదు, ఇతను అడిగాడు. అడిగిన తీరు బాగాలేదు, అంతే.

మీరు పంపిన నెబుకద్నెజరు కథ సంగతి. దానియేలు గ్రంథం నాలుగో అధ్యాయాన్ని మీరు ఎన్నిసార్లు చదివి ఉంటారో! రాజు మేడ మీద తిరుగుతూ ఈ మహా బబులోనును నేనే కట్టించాను కదా అనుకోవడం, వెంటనే పశువులా గడ్డి మేయడం మనకు గుర్తుండిపోతాయి. దానికి ముందు జరిగింది అంతగా గుర్తుండదు. రాజుకు వచ్చిన కలకు అర్థం తెలిసినప్పుడు, దాన్ని చెప్పవలసిన ప్రవక్త దానియేలు వెంటనే నోరు తెరవలేదు. గంటసేపు కలవరపడి మాట రాక ఉండిపోయాడు. ఆ తర్వాత కూడా, ఈ కల నీ శత్రువులకు తగిలితే బాగుండునన్న మాటతో మొదలుపెట్టాడు. తనను చెరపట్టుకొచ్చిన రాజు గురించి అలా అన్నాడు. హెచ్చరికకూ శిక్షకూ మధ్య పన్నెండు నెలలు గడిచాయి. మీరేమో కన్నకొడుక్కి ఆ కథలో నుంచి గడ్డి మేసే భాగం పంపారు. అతను జవాబు రాయకపోవడమే మంచిదైంది, రాసి ఉంటే ఏం రాసేవాడో ఊహించుకోండి.

గర్వం గురించి లేఖనాల్లో ఉన్న గట్టి మాటలు ఎవరితో అన్నవో కూడా ఒకసారి చూడండి. మతనిష్ఠకు పేరుపడ్డ పరిసయ్యుడు, పన్నులు వసూలు చేసే సుంకరి ఉపమానాన్ని ప్రభువు చెప్పింది తామే నీతిమంతులమని నమ్ముకుని ఇతరులను తక్కువగా చూసేవారికి. పొందనిది నీ దగ్గర ఏముంది, పొంది కూడా పొందనట్టు గొప్పలు ఎందుకని పౌలు అడిగింది కొరింథులోని విశ్వాసులను, అదీ వాళ్లు మా నాయకుడు గొప్పంటే మా నాయకుడు గొప్పని వర్గాలు కట్టుకున్నప్పుడు. ఇక ద్వితీయోపదేశకాండము ఎనిమిదో అధ్యాయం అచ్చంగా మీ ఇంటి కథే. మంచి ఇళ్లు కట్టించుకుని కాపురముండేటప్పుడు, నా సామర్థ్యమే నాకీ భాగ్యం తెచ్చిందని అనుకోకు అని ఉంటుంది. అది కూడా లోపలివాళ్లకు చెప్పినదే. బయటికి వెళ్లిపోతున్న కొడుకు మీద విసరడానికి ఈ వాక్యాలు పనికిరావు.

అదే పుస్తకంలో మీకు పనికొచ్చేది మరొకటి ఉంది. ఆరో అధ్యాయం చివర్లో, ఈ కట్టడలన్నీ, అంటే ఈ ఆజ్ఞలన్నీ, ఏమిటని రేపు నీ కొడుకు అడిగితే ఏం చెప్పాలో రాసి ఉంది. వాదించు అని లేదు. మనం ఐగుప్తులో ఫరోకు దాసులమై ఉన్నాం అని మొదలుపెట్టి ఇంటి కథ చెప్పమని ఉంది.

మీ ఇంటి కథ అతనికి ఎంత తెలుసు? మీ తాతగారు ఆరోగ్యవరంలో ఉన్న సంగతి తెలుసా? 1915లో ఆ ఆసుపత్రి మొదలైనప్పుడు క్షయకు మందే లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నది 1943లో. అంతకుముందు వైద్యమంటే మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి, రోగి పక్కన నిలబడడానికి భయపడని మనుషులు. అక్కడి తొలి పెద్ద డాక్టరు డెన్మార్క్ నుంచి వచ్చిన ఫ్రిమోట్ మోలర్. దగ్గితే పక్కింటివాళ్లు తలుపు వేసుకునే కాలంలో మీ తాతగారు ఆ గాలిలో పడుకుని బతికి బయటపడ్డారు. ఆయన బతకకపోతే మీ నాన్నగారు బడికి వెళ్లే మాట లేదు, మీరు బళ్లో పాఠం చెప్పే మాట లేదు, బెంగళూరులో ఇల్లు కొనే మాట అసలే లేదు. దేవుడు కట్టిన వాయిదా చూపించమన్నాడు కదా. నన్నడిగితే మొదటిది అక్కడ కట్టి ఉంది.

కానీ జాగ్రత్త. దీన్ని ఫోనులో పంపి "చూశావా, ఇప్పుడేమంటావు?" అనకండి. అలా అంటే ఇది ఇంకో నెబుకద్నెజరు కథ అవుతుంది. తాతగారి సంగతి ఏ అన్నం తింటున్నప్పుడో, ఏ ఫొటో చూస్తున్నప్పుడో, వేరే ఏ ఉద్దేశమూ లేకుండా చెప్పాలి. మీ పీఎఫ్ అప్పు కూడా అంతే. తెలిసి ఉండాల్సిన సంగతిగా చెప్పండి, బాకీగా చెప్పకండి.

ఇప్పుడు చేయవలసిన పని. ఈ వారంలోనే మీరు ఫోను చేయండి. మీ ఆవిడ చేత చేయించవద్దు. క్షమాపణ షరతు తీసేయండి. ఏమనాలో తోచకపోతే ఇలా అనండి: "నాన్నా, ఆ రోజు నువ్వన్న మాట నాకు నొప్పి కలిగించింది. దేవుడి సంగతి పక్కన పెట్టు, నేనూ అమ్మా పడ్డ కష్టం నీ లెక్కలో లేదనిపించింది. కోపంలో గడప తొక్కవద్దన్నాను, అనకుండా ఉండాల్సింది. పండక్కి రా." ఇంత చాలు. అతను వెంటనే కరిగిపోతాడని నేను హామీ ఇవ్వలేను. "సరే చూస్తాను" అని పెట్టేయవచ్చు. పెట్టేయనివ్వండి.

ఆ తర్వాతో, వచ్చినప్పుడో, ఉద్యోగం ఎలా ఉందని ఒకసారి అడగండి. ఇంటి అప్పు అంటే ఇరవై ఏళ్ల మాట. సాఫ్ట్‌వేర్ కంపెనీలు పొద్దున్నే ఒక మెయిల్ పంపి మనుషులను తీసేస్తున్న కాలం ఇది. వాయిదాల గురించి అంత గట్టిగా మాట్లాడిన కుర్రవాడు వాటి గురించే రాత్రుళ్లు లేచి కూర్చుంటున్నాడేమో ఎవరికి తెలుసు? మీరు గర్వం అనుకున్న దానిలో కొంత భయం ఉండవచ్చు. నేను తప్పు కావచ్చు, అడిగితే పోయేది లేదు.

పండక్కి వస్తే మాత్రం ఒక విషయంలో మీరు నోరు కట్టుకోవాలి. భోజనానికి ముందు ప్రార్థన చేస్తారు కదా. చేయండి, అది మీ ఇల్లు, మీ అలవాటు. కానీ దారి తప్పిన బిడ్డలను దర్శించు ప్రభువా, గర్విష్ఠుల హృదయాలు కరిగించు ప్రభువా అంటూ కళ్లు మూసుకుని ఎదుటివాడిని కొట్టే ప్రార్థన చేయకండి. మన ఇళ్లలో ఇది ఎంత మామూలో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అత్తగారు కోడలి మీద, భార్య భర్త మీద, పాస్టరు చందా ఇవ్వని కుటుంబం మీద చేస్తారు. ఎదురు మాట్లాడే వీలు లేని చోట కొట్టే దెబ్బ కాబట్టి అది ఎక్కువ నొప్పి పెడుతుంది. అలాంటి ప్రార్థనలు విని చర్చి మానేసిన పిల్లలను నేను చాలామందిని చూశాను, సైన్సు చదివి మానేసినవాళ్లు అంతమంది కనబడలేదు. అన్నం కోసం కృతజ్ఞత చెప్పి ఆమెన్ అనండి. క్రిస్మస్ ఉదయం మీరిద్దరూ ఆరాధనకు బయలుదేరండి. అతను నిద్రపోతుంటే నిద్రపోనివ్వండి. అతనితో నాలుగు మాటలు చెప్పమని పాస్టరు గారిని ఇంటికి పిలవకండి.

ఈ చివరి సలహా నాది కాదు, చాలా పాతది. తొలి శతాబ్దాల క్రైస్తవ పండితుల్లో పేరుపొందిన అగస్టీను తల్లి మోనికా కూడా మీలాగే బాధపడింది. అతను మానీ అనే పర్షియా బోధకుడి మతంలో పడి తల్లి విశ్వాసాన్ని తేలికగా చూసే రోజుల్లో ఆమె ఒక బిషప్పు దగ్గరికి వెళ్లి, మా వాడితో మాట్లాడి తప్పు తెలియజెప్పమని బతిమాలింది. ఆయన ఒప్పుకోలేదు. కొత్తగా పట్టుకున్న సిద్ధాంతపు ఉబ్బులో ఉన్నాడు, ఇప్పుడు ఎవరు చెప్పినా వినడు, వదిలేయండి, మీరు ప్రార్థన మాత్రం చేయండి, చదువుకుంటూ తనే తెలుసుకుంటాడు అన్నాడు. నేనూ చిన్నప్పుడు అందులోనే పెరిగి, ఆ పుస్తకాలన్నీ చదివి, ఎవరూ వాదించకుండానే బయటికి వచ్చానని కూడా చెప్పాడు. 354లో పుట్టిన అగస్టీను బాప్తిస్మం తీసుకున్నది 387లో. అన్నేళ్లు పట్టింది. ఆ తర్వాత మానవ గర్వం గురించి క్రైస్తవ లోకంలో అతనంత లోతుగా రాసినవాళ్లు తక్కువ. మీ అబ్బాయి కూడా తిరిగి వస్తాడని చెప్పడానికి ఈ కథ తేలేదు. రావచ్చు, రాకపోవచ్చు. విశ్వాసం మీరు వీలునామాలో రాసి ఇచ్చే ఆస్తి కాదు. మీ చేతిలో ఉన్నది మీ ఇంటి తలుపు ఒక్కటే.

సంఘంలో వాక్యం ఎత్తిన పెద్దమనిషి గురించి ఎక్కువ రాయను. పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన ఆ మాట తన ఇంట్లో, తన చేతికింద పెరిగే పిల్లల గురించి. 34 ఏళ్ల వయసులో వేరే ఊళ్లో వేరే కాపురం ఉన్న మనిషిని ఏలమని కాదు. ప్రభువు చెప్పిన ఉపమానంలో తప్పిపోయిన కుమారుడి తండ్రిని ఏ కమిటీ నుంచి తీసేశారో ఆయన్ని అడగండి, లేదా అడగకుండా నవ్వి ఊరుకోండి. కోపంతో పెద్దరికానికి రాజీనామా మాత్రం ఇవ్వకండి. ఆ కబురు బెంగళూరుకు చేరేసరికి, నీవల్లే నాన్న పదవి పోయిందన్న నిందగా మారుతుంది.

మీ ఆవిడ గురించి మీరు ఫిర్యాదులా రాశారు. ఇన్ని నెలలుగా ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య తాడు తెగకుండా పట్టుకున్నది ఆవిడ. దొంగచాటుగా మాట్లాడవలసిన పని లేదని ఈరోజే చెప్పండి. ఎదురుగా కూర్చుని మాట్లాడుకోనివ్వండి, మీకు వినబడేలా.

నిద్ర సంగతి వేరు. ఈ వయసులో నెలల తరబడి నిద్ర పట్టకపోతే దాన్ని ఆత్మసంబంధమైన భారమని సరిపెట్టుకోకండి. వేలూరు పెద్దాసుపత్రి దాకా వెళ్లనక్కరలేదు, మీ చిత్తూరులోనే డాక్టరుకు చూపించుకుని బీపీ, షుగరు పరీక్ష చేయించుకోండి. నెల తర్వాత ఎలా ఉందో రాయండి.