నిద్రపుచ్చే డ్రైవర్ రాయబోతున్న అమ్మీకి

బైరాగిపట్టెడ, తిరుపతి

అమ్మీ,

"కంప్యూటర్ని నిద్రపుచ్చే పనంట బావా" అని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వర్టియో డ్రైవర్‌కి (వర్చువల్ మెషీన్ లోపలి లైనక్స్ కెర్నల్, బయటి హోస్ట్ ఇచ్చే డివైస్‌తో మాట్లాడే కోడ్) సస్పెండ్, హైబర్నేషన్ (మెమరీని డిస్కుకి రాసి పవరాఫ్ అవడం) నువ్వే రాస్తున్నావని అర్థమై మీసం దువ్వుకున్నా. వెంటనే గుబులూ పట్టుకుంది.

తెలిసిన సంగతులు ముందు చెప్పేస్తా. కెర్నల్ పిలిచే నీ ఫంక్షన్లు, అంటే కాల్‌బ్యాక్‌లు, రెండే: నిద్రకి ముందు ఫ్రీజ్, లేచాక రిస్టోర్. గెస్ట్‌లో (వర్చువల్ మెషీన్ లోపల) ఇమేజీకి, అంటే మెమరీ నకలుకి, చాలినంత స్వాప్ జాగా డిస్కులో ఉంచు, అదెక్కడుందో కెర్నల్ కమాండ్ లైన్లో రిజ్యూమ్= ఇవ్వు, నిద్రపోయేటప్పుడూ లాగ్ ఆగకుండా నో_కాన్సోల్_సస్పెండ్ కూడా పెట్టు. హోస్ట్‌లో 'విర్ష్ సస్పెండ్' కమాండ్ కొట్టి టెస్ట్ అయిపోయిందన్నావంటే మాత్రం చెవి మెలేస్తా. అది వీసీపీయూలను (గెస్ట్ సీపీయూలను) ఆపుతుందంతే, గెస్ట్‌కి కబురే ఉండదు, నీ ఫ్రీజ్‌ని ఎవరూ పిలవరు. కావాల్సింది 'డోమ్‌పీఎంసస్పెండ్'. దానికి లోపల గెస్ట్ ఏజెంట్ (హోస్ట్ మాట వినే చిన్న ప్రోగ్రాం) నడుస్తుండాలి.

ఇప్పుడు అసలు భయం. అద్దె ఇల్లు మారేటప్పుడు పాలాయనకి చెప్పకపోతే పాత వాకిట్లోనే ప్యాకెట్ వేసి పోతాడు. లోపల ఎవరు దిగారో ఆయనకేం పని? హోస్ట్ కూడా అంతే. రింగ్ (హోస్టూ గెస్టూ రిక్వెస్టులు ఇచ్చిపుచ్చుకునే మెమరీ) చిరునామా నువ్వే ఇచ్చావు. డివైస్‌ని రీసెట్ చేయకుండా వర్ట్‌క్యూలు (ఆ రింగులున్న క్యూలు) తీసేస్తే ఆ పేజీలను కెర్నల్ ఇంకెవరికో ఇస్తుంది, హోస్ట్ మాత్రం అక్కడే రాస్తూ ఉంటుంది. క్రాష్ అయితే అదృష్టం. లేకపోతే ఎవరి ఫైల్లోనో నాలుగు బైట్లు మారి, ఎప్పటికో బయటపడుతుంది. మెమరీ తప్పులు పట్టే కేసాన్ ఉందిగా అనొద్దు. అది గెస్ట్ కెర్నల్ కోడ్ చేసే రాతలనే చూస్తుంది, హోస్ట్ రాసింది దానికి కనపడదు. ఖాళీ పేజీలను గుర్తు బైట్లతో నింపే పేజ్_పాయిజన్=1 కొంత పట్టిస్తుంది.

వరుస ఇది: కొత్త రిక్వెస్టులు ఆపు, లోపలున్నవి పూర్తయ్యేదాకా ఆగు, డివైస్ రీసెట్ చెయ్యి, కాన్ఫిగ్ వర్క్ (డివైస్ సెట్టింగ్ మారితే నడిచే పని) ఫ్లష్ చెయ్యి, ఆ తర్వాతే వర్ట్‌క్యూలు తీసెయ్యి. రెండో మెట్టు మీద పెద్దపెద్దవాళ్లే జారారు. వర్టియో బ్లాక్ (డిస్కు డ్రైవర్) ఫ్రీజ్‌లో చాలాకాలం క్వయెస్ ఒక్కటే ఉండేది. క్వయెస్ కొత్తవి పంపకుండా ఆపుతుంది గానీ, అప్పటికే రింగులో ఉన్నవాటి కోసం ఆగదు. రీసెట్ కాగానే వాటికి జవాబు చెప్పే దిక్కుండదు, సిస్టమ్ బిగుసుకుపోతుంది. 2024లో దాని బదులు, లోపలున్నవి పూర్తయ్యేదాకా ఆగే బీఎల్‌కే_ఎంక్యూ_ఫ్రీజ్_క్యూ పెట్టారు. ఆ క్యూ ఫ్రీజ్‌ని లేచేదాకా అలాగే పట్టుకొని ఉండటం ఇంకో తంటా అయింది. అందుకే తర్వాత మళ్లీ దిద్దారు: క్యూ ఫ్రీజ్ చేసి ఖాళీ చేయించు, క్వయెస్ పెట్టు, క్యూ ఫ్రీజ్ వదిలెయ్. నీ డ్రైవర్ బ్లాక్‌దైతే ఆ వరుసే పట్టు, సొంత తెలివి వద్దు.

హైబర్నేషన్‌లో ఫ్రీజ్ ఒక్కసారితో పోదు. ఇమేజీ తీసేముందు ఒకసారి పిలుస్తారు. ఆ ఇమేజీని డిస్కుకి రాయాలి కాబట్టి రిస్టోర్ పిలుస్తారు, పవరాఫ్ ముందు మళ్లీ ఫ్రీజ్. లేచేటప్పుడు ముందు కొత్తగా మొదలైన బూట్ కెర్నల్ తన సొంత రింగులు వేసుకొని ఇమేజీ చదువుతుంది, అదీ ఫ్రీజ్ అవుతుంది, అప్పుడు పాత కెర్నల్లో నీ రిస్టోర్ నడుస్తుంది. దాచిపెట్టుకున్న ఇండెక్సుల నుంచే కొనసాగిద్దామంటే, డివైస్ ఆ లెక్క ఎప్పుడో మరిచిపోయింది. రింగులు మొదటినుంచీ వేసుకో. డ్రైవర్_ఓకే బిట్ (డ్రైవర్ సిద్ధమన్న గుర్తు) పెట్టేదాకా కిక్ చెయ్యొద్దు, అంటే పని ఉందని డివైస్‌ని తట్టొద్దు. రిస్టోర్ లోపలే క్యూ వాడాల్సొస్తే ఆ బిట్ పెట్టే వర్టియో_డివైస్_రెడీ నువ్వే పిలువు. అలిపిరి దారిలో మోకాళ్ల మెట్టు లాంటి చోటు ఇది, ఇక్కడ పరుగు పనికిరాదు తల్లీ.

ఇది డ్రైవర్లకే పట్టిన రోగమూ కాదు. కేవీఎం (వర్చువల్ మెషీన్లు నడిపే లైనక్స్ భాగం) గెస్ట్‌లో కేవీఎం క్లాక్ (గడియారం), స్టీల్ టైమ్ (గెస్ట్‌కి దక్కకుండా పోయిన సీపీయూ సమయం) కోసం కూడా హోస్ట్ గెస్ట్ మెమరీలోనే రాస్తుంది. నిద్రకి ముందు వాటిని బూట్ సీపీయూ (మొదటి సీపీయూ) మీద కూడా తీసేసేలా 2021లో గానీ సరిచేయలేదు.

టెస్టింగ్‌కి ముందుగా /సిస్/పవర్/పీఎం_టెస్ట్‌లో 'డివైసెస్' అని రాసి సస్పెండ్ చెయ్యి, 5 సెకన్లాగి తానే లేస్తుంది. తర్వాత /సిస్/పవర్/డిస్క్‌లో 'టెస్ట్_రిజ్యూమ్' రాసి హైబర్నేట్ చెయ్యి, ఇమేజీ రాసి వెంటనే దాన్నుంచే లేస్తుంది. ఎఫ్‌ఐఓ వెరిఫై లోడ్ (డిస్కుకి రాసింది మళ్లీ చదివి సరిచూసే టెస్ట్) నడుస్తుండగా వందసార్లు తిప్పు, అంతా ఓవర్‌లే డిస్కు (అసలు డిస్కు పాడవకుండా పైన వేసే పొర) మీదే. హైబర్నేట్ అయిన గెస్ట్ డిస్కును ఇంకోచోట మౌంట్ చేశావా, పాత క్యాష్‌తో లేచి ఫైల్‌సిస్టమ్‌ని నాశనం చేస్తుంది.

వేళకి అన్నం తిను. బిగుసుకుపోతే సీరియల్ కాన్సోల్ లాగ్ మొత్తం పంపు, చివరి పది లైన్లు కత్తిరించి కాదు.

మీ పెదనాయన