కవర్లు మాయమయ్యాయి సరే, ఆ ఎరువు మడికి వెయ్యొచ్చా?

ప్రశ్న: కంపోస్టబుల్ అని రాసున్న కవర్లు పేడ, ఆకుచెత్తతో కలిపి కుప్పలో వేశాను సార్, నాలుగు నెలలయ్యింది, కవర్ ఆనవాలు కూడా లేదు. ఆ ఎరువు కూరగాయ మడులకు వెయ్యొచ్చా?

జవాబు: తొందరపడకండి. కంటికి కనపడనంత మాత్రాన పోయినట్టు కాదు, ముందు 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టండి. ల్యాబుల్లో చేసేదీ అదే, 12 వారాలయ్యాక జల్లెడ పైన మిగిలింది వేసిన ప్లాస్టిక్ పొడి బరువులో 10 శాతం దాటకూడదు. అయితే అది ముక్కలైందని మాత్రమే చెప్తుంది, సూక్ష్మజీవులు నిజంగా తిన్నాయా అన్నది వచ్చే కార్బన్ డయాక్సైడ్ కొలిచి చూస్తారు, 6 నెలల్లోపు కవర్‌లోని కార్బన్‌లో 90 శాతం అలా బయటికి రావాలి, అదీ 58 డిగ్రీల దగ్గర వేడి నిలబెట్టి. మామూలు కుప్పలో అంత వేడి అన్ని రోజులు ఉండదు కదా, అక్కడే తేడా కొడుతుంది. ఇంకోటి, ఆక్సో డిగ్రేడబుల్ అని రాసుంటే అది కంపోస్టబుల్ కాదండీ, పొడిపొడి అయ్యి మట్టిలోనే కూర్చుంటుంది, దాన్ని అసలు వెయ్యకండి.

ఇక మొక్కకి చెరుపు చేస్తుందా అంటే కుండీల్లో తేల్చుకోవచ్చు. అదే పేడ, అదే చెత్తతో కవర్లు లేకుండా చేసిన ఎరువు పక్కన పెట్టుకోవాలి, అది లేకపోతే దేంతో పోల్చాలో తెలీదు. రెండిట్నీ విడివిడిగా మట్టిలో పావు వంతు, సగం వంతు కలిపి, జొన్న లాంటిదొకటి, ముల్లంగి లాంటిదొకటి లెక్కపెట్టి నాటండి. ఎన్ని మొలిచాయో రాసుకుని, రెండు మూడు వారాలకి మట్టి మట్టానికి కోసి తూకం వెయ్యండి. కవర్ల ఎరువులో మొలకలూ, బరువూ రెండూ కవర్లు లేని ఎరువులో వచ్చినదాంట్లో కనీసం 90 శాతం ఉండాలి. రెండిట్లోనూ మొలకలు మాడితే తప్పు కవర్లది కాకపోవచ్చు, ఎరువు పచ్చిగా ఉన్నట్టు, ఇంకో నెల మాగనివ్వండి.

వానపాముల్ని అడగడం నాకు ఇంకా ఇష్టం :) ఒక తొట్టికి మధ్యలో అట్ట అడ్డం పెట్టి అటొక మిశ్రమం ఇటొక మిశ్రమం పోసి, అట్ట లాగేసి ఆ గీత మీద 10 పాముల్ని వదలండి, తడి రెండు వైపులా ఒకేలా ఉండాలి. 48 గంటలకి మళ్ళీ అట్ట దించి లెక్కపెట్టండి. 9 గానీ 10 గానీ కవర్లు లేని వైపే చేరితే ఆ ఎరువు మడికి వద్దు.

కవర్ల మీద రంగు ప్రింటింగ్ ఎక్కువుంటే మాత్రం ఇవన్నీ పాసైనా కాడ్మియం, సీసం కోసం ల్యాబ్‌కి శాంపిల్ పంపాల్సిందే, వాటిని జల్లెడా పట్టలేదు, పామూ వెంటనే చెప్పలేదు.