మాత్ర మింగితే విశ్వాసం పోతుందా?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. నాకు 34 ఏళ్లు. పెళ్లయిన మూడేళ్లకు నేనూ మా ఆయనా బాప్తిస్మం తీసుకున్నాం. అత్తమ్మ తీసుకోలేదు. ఉన్న నాలుగెకరాల్లో రెండు బోర్లు వేయించినాం, రెండింట్లోనూ దుమ్మే లేచింది. మూడున్నర లక్షల అప్పు తేలింది. మా ఆయన బెంగుళూరికి బిల్డింగు పనికి పోయినాడు. నెలకొకసారి వస్తాడు, వచ్చినా ఆదివారం మందిరానికి రాడు. "నీ దేవుడు ఏం జేసినాడో చెప్పు" అంటాడు. మా పాపకు 11 ఏళ్లు. మూడేళ్ల నుంచి ఫిట్స్ ఉన్నాయి. మాత్రలు వాడుతుంటే ఏడాదిగా రాలేదు. ఈ మధ్య నేను పోతున్న ప్రార్థన కూటంలో, "ఒక చేతిలో మాత్ర, ఒక చేతిలో బైబిలు పెట్టుకుంటే స్వస్థత ఎట్లొస్తుంది? మీ ఇంట్లో దాచిన పాపం ఏదో ఉంది" అన్నారు. నేను మాత్రలు ఆపేసినాను. తొమ్మిదో రోజు పాప బడిలో పడిపోయింది. భయపడి మళ్లీ మొదలుపెట్టినాను. అప్పటినుంచి మోకరిస్తే నోట మాట రావడం లేదు. మారెమ్మ మొక్కు తప్పినందుకే ఇదంతా అని అత్తమ్మ అంటుంది. నా విశ్వాసం చచ్చిపోయిందా? మాత్రలు ఇస్తే దేవుణ్ణి నమ్మనట్టేనా? - ఒక తల్లి

జవాబు: అమ్మా, మిగతా మాటలు తర్వాత. ఈ రాత్రి పాపకు మాత్ర వేయండి. రేపు పొద్దున వేయండి. డాక్టరు ఆపమనేదాకా ఒక్క పూట కూడా తప్పనివ్వకండి.

నేను చాలా ఏళ్లు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసినదాన్ని. ఇట్లాగే మాత్రలు మాన్పించిన ఒక పిల్లవాణ్ణి ఒక రాత్రి తెచ్చారు. ఒక ఫిట్ ఆగకముందే ఇంకొకటి వస్తోంది. బతికాడు గానీ, మాట మునుపటిలాగా రాలేదు. వాళ్ల నాయన వరండాలో కూర్చుని "నేను నమ్మకంతోనే ఆపినాను సిస్టరమ్మా" అన్నాడు. ఆ మాటకు ఏం చెప్పాలో ఆ రోజు నాకు తెలియలేదు. మీకు ఈ జవాబు రాస్తున్నప్పుడు ఆయనే కళ్లముందు ఉన్నాడు.

ఫిట్స్ మాత్ర జ్వరం బిళ్ళలాంటిది కాదు. మెదడులో ఒక్కసారిగా చెలరేగే కరెంటును అది రోజూ అణచిపెడుతూ ఉంటుంది. దాన్ని హఠాత్తుగా ఆపితే ఫిట్ మునుపటికంటే గట్టిగా రావచ్చు, వెంటవెంటనే కూడా రావచ్చు. సరిగ్గా మందు వాడితే నూటికి డెబ్భై మందికి దాకా ఫిట్స్ పూర్తిగా అదుపులో ఉంటాయి. వరుసగా రెండేళ్లు రాకపోతే మెల్లగా తగ్గించి మానేయొచ్చా అని డాక్టరే చూస్తాడు. మీ పాప ఒక ఏడాది దాటింది గానీ, బడిలో పడిపోవడంతో ఆ వరుస తెగింది. ఆ తొమ్మిది రోజుల సంగతి డాక్టరు దగ్గర దాచకండి, తిట్టినా సరే చెప్పండి, దాన్నిబట్టే ఆయన మోతాదు చూసుకుంటాడు. పాప పెద్దమనిషయ్యే వయసు కాబట్టి, ఇప్పుడు వాడే మందు ముందుముందు కూడా పనికొస్తుందా అని తప్పకుండా అడగండి. కొన్ని ఫిట్స్ మందులు ఎదిగే ఆడపిల్లలకు మార్చాల్సి వస్తుంది.

మళ్లీ వస్తే పాపను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి. నోట్లో చెంచా పెట్టొద్దు, నీళ్లు పోయొద్దు. మీ అత్తమ్మ చేతిలో తాళంచెవుల గుత్తి పెడుతుందనుకుంటా, మన వైపు పెట్టని ఇల్లు లేదు. తాళంచెవులు ఫిట్‌ను ఆపవు, ఫిట్ చాలాసార్లు ఒకటి రెండు నిమిషాల్లో తనంతట తానే ఆగుతుంది. గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే ఇంకొకటి వచ్చినా 108కి ఫోన్ చేయండి.

ఇక మీరు అడిగిన మాటకు వస్తాను. మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. రెండోసారి ఒక సంగతి కనిపించింది. కూటంలో వాళ్లు "దాచిన పాపం" అన్నారు. అత్తమ్మ "మొక్కు తప్పినావు" అంది. ఒకరికి క్రీస్తు, ఒకరికి మారెమ్మ. కానీ ఇద్దరూ అన్నది ఒక్కటే: తల్లి తప్పుకు పిల్ల అనుభవిస్తోంది అని. మీరు ఆ తీర్పు నుంచి బయటపడాలనే బాప్తిస్మం తీసుకున్నారేమో, అదే తీర్పు మందిరంలో కూడా ఎదురొచ్చింది. మోకరిస్తే మాట రాకపోవడంలో నాకు వింతేమీ కనిపించడం లేదు.

యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూపించి శిష్యులు ఇదే అడిగారు: వీడు పాపం చేశాడా, వీణ్ణి కన్నవాళ్లు చేశారా అని. వీడూ చేయలేదు, వీణ్ణి కన్నవాళ్లూ చేయలేదు అన్నాడు యేసు. మళ్లీ కూటంలో ఎవరైనా "దాచిన పాపం" అంటే, వాదించకండి. ఈ అధ్యాయం తీసి చదివి వినిపించమనండి, చాలు.

ఫిట్స్ పిల్లల గురించి మాట వస్తే వాళ్లు మార్కు తొమ్మిదో అధ్యాయం చూపిస్తారు. నేల మీద పడి నురుగు కక్కే కొడుకును ఒక తండ్రి తీసుకొస్తాడు, యేసు దయ్యాన్ని వెళ్లగొడతాడు. ఆ కథలో దయ్యం ఉంది, లేదని నేను చెప్పను. కానీ మత్తయి నాలుగో అధ్యాయంలో, యేసు దగ్గరికి తెచ్చిన రోగుల వరుసలో, దయ్యం పట్టినవాళ్లను వేరుగా, చాంద్రరోగులను వేరుగా చెప్పారు. మూర్ఛరోగానికి ఆ కాలపు మాట అది. అంటే పడిపోయే పిల్లలందరినీ ఒకే గాటన కట్టలేదు. ఇక మార్కులో ఆ తండ్రి మాట చూడండి. "నమ్ముతున్నాను, నాకు అపనమ్మకం ఉండకుండా సహాయం చెయ్యి" అని గట్టిగా కేక పెట్టాడు. నమ్మకమూ అపనమ్మకమూ ఒకే నోట, ఒకే ఊపిరిలో వచ్చాయి. ముందు అపనమ్మకం పోగొట్టుకుని రా అని యేసు అతణ్ణి వెనక్కి పంపలేదు. పిల్లవాణ్ణి బాగుచేసి చేయిపట్టి లేపాడు. మీరు ఆ తండ్రి వరుసలో నిలబడిన మనిషి. విశ్వాసం చచ్చినవాళ్లు "నా విశ్వాసం చచ్చిందా" అని ఇంత దూరం ఉత్తరం రాయరమ్మా.

మాత్రకూ విశ్వాసానికీ ఏ పోటీ లేదు. అపొస్తలుడు పౌలు ఎందరినో స్వస్థపరిచినవాడే. అయినా తన వెంట తిరిగిన త్రోఫిము జబ్బుపడితే మిలేతు ఊళ్లో వదిలి రావలసి వచ్చిందని తన శిష్యుడు తిమోతికి ఆయనే రాశాడు. త్రోఫిముకు విశ్వాసం తక్కువని ఒక్క మాట అనలేదు. తిమోతి కడుపు బాగా లేదంటే కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు, అది ఆ కాలపు మందు. ఆయన వెంట తిరిగిన లూకా వైద్యుడు. మన జిల్లాలవైపు చూస్తే, జమ్మలమడుగులో మిషనరీలు గుడితో పాటు ఆసుపత్రీ కట్టారు. మందు అవిశ్వాసమే అయితే అది కట్టి ఉండేవాళ్లు కాదు.

మందిరం మానేయాలా అని మీరు అడగలేదు గానీ, ఆ ప్రశ్న ఉత్తరంలో నక్కి ఉంది. మీ సొంత సంఘం వేరు, ఈ కూటం వేరు అని అర్థం చేసుకున్నాను. సంఘానికి వెళ్లండి. ఈ కూటానికి కొన్నాళ్లు వెళ్లకండి. పిల్ల మందు మాన్పించమనే చోటికి, స్వస్థతకు ముందు కానుక అడిగే చోటికి పోకపోవడం విశ్వాసంలో వెనకబడడం కాదు, ఇది నా గట్టి అభిప్రాయం. పాస్టరయ్యను విడిగా కలవండి. తొమ్మిది రోజులు ఆపింది, బడిలో పడిపోయింది, రెండూ చెప్పండి. ఆయన మంచివాడైతే ఆ కూటం పెద్దలతో తనే మాట్లాడతాడు. పక్కింటి విశ్వాసులలో ఒక అక్కను, మీ మాట బయట పెట్టనిదాన్ని, ఎంచుకోండి. బైబిల్లో పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి స్నేహితులు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే, నోరు తెరిచాకే చెడింది. మీకు కావలసింది అట్లా పక్కన కూర్చునే మనిషి.

నోట మాట రాని ప్రార్థన సంగతి. 88వ కీర్తన తీయండి. మొదట దేవుణ్ణి రక్షించేవాడా అని పిలుస్తుంది, తర్వాత ఎందుకు నన్ను విడిచావు, ఎందుకు ముఖం దాచావు అని అడుగుతూనే పోతుంది. మిగతా చాలా కీర్తనల్లాగా చివర స్తోత్రంతో ముగియదు. చీకటి దగ్గరే ఆగిపోతుంది. అయినా దాన్ని గ్రంథంలోంచి ఎవరూ తీసేయలేదు. కొన్నాళ్లు మీ మాటలు వెతుక్కోకండి, రాత్రి పాప పడుకున్నాక దాన్ని చదివి ఊరుకోండి. గంట మోకరించనక్కర్లేదు. పగలంతా కూలికి పోయి వచ్చిన మనిషి కూర్చుని చదివినా దేవుడికి వినబడుతుంది. మంచి నిద్ర, వేళకు నాలుగు ముద్దల సంగటి కూడా చూసుకోండి. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద పడుకుని చావు అడిగినప్పుడు దూత ప్రసంగం చేయలేదు. లేచి తినమన్నాడు, అతను తిని మళ్లీ పడుకుంటే రెండోసారి లేపి తినిపించాడు.

ఏలీయా కరువు మనిషి, అందుకే అనంతపురం వాళ్లకు దగ్గరివాడు. ఏడాదికి అటూఇటుగా 550 మిల్లీమీటర్ల వాన కోసం మొగులుకేసి చూసే జిల్లా మనది. ఏలీయా కెరీతు వాగు పక్కన కూర్చుని, రోజూ అదే నీళ్లు తాగుతూ, ఆ వాగు కళ్లముందే ఎండిపోవడం చూశాడు. దేవుడు ఆ వాగును మళ్లీ పారించలేదు. లేచి సారెపతుకు పొమ్మన్నాడు, అక్కడ ఒక విధవరాలి ఇంట్లో పిడికెడు పిండి ఉంది. మీ ఆయన బెంగుళూరు పోవడం విశ్వాసం చెడి కాదు, వాగు ఎండిపోయి. మూడో బోరు వేద్దామని ఎవరైనా అంటే మాత్రం నా పేరు చెప్పి వద్దనండి.

ఆయన "నీ దేవుడు ఏం జేసినాడు" అంటే జవాబు వెతకకండి. అది ప్రశ్న కాదు. రెండు బోర్లలో దుమ్ము చూసిన మనిషి ఏడుపు అది. ఈసారి వచ్చినప్పుడు మందిరం మాట ఎత్తకుండా, ఇద్దరూ కూర్చుని అప్పులన్నీ ఒక కాగితం మీద రాయండి. ఎవరికెంత, వడ్డీ నూటికెంత అని. ఎక్కువ వడ్డీది ముందు తీర్చేటట్టు పొదుపు సంఘంలో తక్కువ వడ్డీకి అడగండి. మాటల్లో ఎప్పుడైనా "నేను లేకపోతే మీకే మేలు" అన్నాడా, దాన్ని కోపంలో మాటగా వదిలేయకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగితే ఆ ఆలోచన పుట్టదు. మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన 14416 నంబరుకు ఫోన్ చేస్తే ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడతారు. మీకు మీరుగా కూడా ఆ నంబరుకు చేయొచ్చు.

అత్తమ్మ దగ్గర ఒక పని చేయండి. మారెమ్మ మాట వస్తే పోట్లాటకు దిగకండి, మొక్కు తీరుస్తానని మాట కూడా ఇవ్వకండి. "అత్తమ్మా, మీకు పాప మీద ఎంత భయముందో నాకూ అంతే ఉంది" అనండి. మీరు కూలికి పోతే పాపను కనిపెట్టుకుని ఉండేది ఆమే కదా. రాత్రి మాత్ర గుర్తు చేసే పని ఆమెకే అప్పజెప్పండి. మాత్రల అట్ట ఆమె చేతికి అందేటట్టు గూట్లో పెట్టండి, పాపకు మాత్రం అందకూడదు. మందు వేళ ఆమె చేతిలో ఉంటే తాళంచెవుల గుత్తి దానంతటదే పక్కకు పోతుంది. బావిగడ్డకు, నీళ్లతొట్టి దగ్గరికి పాపను ఒంటరిగా పంపొద్దని, పొయ్యి దగ్గర కూర్చోబెట్టొద్దని కూడా ఆమెతోనే చెప్పించండి. ఆమె మాట పాప వింటుంది.

సోమవారం బడికి వెళ్లి టీచరమ్మను కలవండి. పాప పడిపోయినప్పుడు పిల్లలు చూశారు కాబట్టి వెక్కిరింపు మొదలయ్యే ఉంటుంది. అంటుకునే జబ్బు కాదని తరగతిలో ఒకసారి చెప్పమని అడగండి. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు అని ఒక చీటీ మీద రాసి, మీ ఫోన్ నంబరుతో ఇవ్వండి. డాక్టరు ఏమన్నాడో నాకు మళ్లీ రాయండి.