పలాస జీడి మిల్లుల్లోకి రోబోలు వస్తే ఆడవాళ్ల పని పోతుందా?

పలాస-కాశీబుగ్గ మిల్లుల్లో మనకు కనిపించేవి చాలావరకు రోబోలు కావు, ఆటోమేటిక్ మెషిన్లు. మెషిన్ ఒకే పని చేస్తుంది. రోబో అంటే ప్రోగ్రాం మార్చి ఈరోజు వెల్డింగ్‌కి, రేపు ప్యాకింగ్‌కి పెట్టుకోగలిగే ఇనప చెయ్యి. 1961లో అమెరికాలో జనరల్ మోటార్స్ పెట్టిన మొదటి రోబో యూనిమేట్ కూడా మనుషులకు ప్రమాదమైన పనే చేసింది, అచ్చులోంచి కాలిపోతున్న లోహపు ముక్కల్ని బయటికి తీయడం.

ఇక్కడా అలాగే చూడాలి. జీడి పిక్క కొట్టేటప్పుడు, అంటే పగలగొట్టి పప్పు తీసేటప్పుడు, పై డొల్లలోంచి వచ్చే నూనె తగిలితే చర్మం పొక్కుతుంది. మా పిన్ని మిల్లు మానేసి ఏళ్లయినా వేళ్ల మీద ఆ మచ్చలు పోలేదు, అందుకే ఆ పని మెషిన్‌కి పోతే నాకు సంతోషమే. పప్పును నాణ్యతను బట్టి వేరు చేసే గ్రేడింగ్‌కి కలర్ సార్టర్లు ఉన్నాయి: పప్పు జారుతుంటే కెమెరా చూస్తుంది, మచ్చ కనిపిస్తే మెషిన్ రెప్పపాటులో గాలి ఊది పక్కకు నెట్టేస్తుంది.

కానీ పప్పు వంపులో అంటుకుపోయిన పొట్టును గుండు (పూర్తి పప్పు) విరగకుండా తీయాలంటే ఇంకా చేతివేళ్లే కావాలి, ఎందుకంటే బద్దయితే ధర పడిపోతుంది. కాబట్టి కొట్టుడులో, గ్రేడింగ్‌లో పని తగ్గుతుంది, అది నిజం. మెషిన్ నడిపే ట్రైనింగ్ మాత్రం ఏళ్లుగా అక్కడ పని చేస్తున్న ఆడవాళ్లకే ముందు ఇవ్వాలి, పప్పు మంచిచెడ్డలు వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియవు.