వేద పాఠశాల చదువు టీవీల్లో చూపించినట్టే ఉంటుందా?

మీ అక్క కొడుకుని వేద పాఠశాలలో వేద్దామనుకుంటున్నారు, టీవీల్లో సినిమాల్లో చూపించేది ఎంతవరకు నిజం అని అడిగారు కదా. నేను ఎనిమిదేళ్ళు కృష్ణయజుర్వేదం చదివాను. మూలం, అంటే వేదం ఉన్నదున్నట్టు నోటికి రావడం, అయ్యింది, క్రమం, అంటే మాటల్ని జంటలుగా కలుపుతూ చెప్పే పాఠం, సగంలో ఉండగా ఇంటి పరిస్థితుల వల్ల వచ్చేశాను, ఇప్పుడు హైదరాబాద్‌లో అకౌంట్స్ ఉద్యోగం.

ఒకసారి మా పాఠశాలకి ఒక టీవీ ఛానెల్ వాళ్ళొచ్చారు. మేం అప్పుడు సంత చెప్పుకుంటున్నాం, అంటే గురువుగారు ఒక ముక్క ఒకసారి చెప్తారు, మేం రెండుసార్లు అనాలి, చేతిలో పుస్తకం ఉండదు. కెమెరా ఆయనకి బోర్ కొట్టినట్టుంది, తాటాకు గ్రంథాలేమైనా ఉన్నాయా స్వామీ అన్నాడు. లేవు, మేం ఎప్పుడూ చూడను కూడా లేదు. మర్నాడు ఎక్కణ్ణుంచో ఒక కట్ట పట్టుకొచ్చి మమ్మల్ని చెట్టుకింద కూర్చోబెట్టి చదువుతున్నట్టు చెయ్యమన్నారు. అది ఏ లిపో మాకు తెలీదు, నా పక్కవాడు తలకిందులుగా పట్టుకున్నాడు, టీవీలో అలాగే వచ్చింది, వెనకాల ఫ్లూటు మ్యూజిక్కు కూడా.

అసలు చదువు చూడ్డానికి ఏమీ ఉండదండీ. తెల్లారుజామున లేవడం, సంధ్యావందనం, సంత, మళ్ళీ నిన్నటిది వల్లె వేయడం, అంతే. మా వేదశాఖలో సంహిత, బ్రాహ్మణం, ఆరణ్యకం అని మూడు భాగాలు, వాటిలో 44, 28, 10, మొత్తం 82 పన్నాలు, అంటే అధ్యాయాలు, అన్నీ నోటికి రావాలి, స్వరంతో సహా. స్వరం ఒక్కచోట కిందకి పోయినా గురువుగారు వేలెత్తేవారు, ఏమీ అనేవారు కాదు, మళ్ళీ మొదట్నుంచి. త్వష్ట "ఇంద్రశత్రుః" అనే మాటలో స్వరం తప్పి ఇంద్రుణ్ణి చంపేవాడు కావలసిన కొడుకుని ఇంద్రుడి చేతిలో చచ్చేవాణ్ణి చేసుకున్న కథ వారానికోసారైనా వినేవాళ్ళం.

ఇంకా ముందుకెళ్తే ఘన అని ఇంకో రకం పాఠం. మూలంలో "నమస్తే రుద్ర" అని ఉంటే ఘనలో "నమస్తే తే నమో నమస్తే రుద్ర రుద్ర తే నమో నమస్తే రుద్ర" అవుతుంది. ముందుకీ వెనక్కీ అల్లుతారన్నమాట, ఒక మాట జారినా ఆ అల్లిక దగ్గర దొరికిపోతుంది. బయటివాళ్ళు దీన్నే బట్టీ అంటారు. బట్టీయే, కాదనను, కానీ రాయకుండా ఒక్క అక్షరం పోకుండా దాచాలంటే ఇంతకన్నా గట్టి పద్ధతి నాకైతే కనబడలేదు.

సినిమాల సంగతికొస్తే పిలక కనబడితే కామెడీ ట్రాక్, మనిషి అనగానే "పంతులు గారూ". నేను సెలవుల్లో ఊరెళ్తే పదమూడేళ్ళ వాణ్ణి పట్టుకుని అమ్మాయి పెళ్ళికి ముహూర్తం పెట్టమనేవాళ్ళు. పెళ్ళిళ్ళూ పూజలూ చేయించే పురోహితుడి స్మార్తం వేరే చదువు, జ్యోతిషం ఇంకో చదువు, మేం చదివేది అధ్యయనం, అంటే వేదం నోటికి నేర్చుకోవడం, ఇది చెప్తే మరి ఇన్నేళ్ళుగా ఏం చేస్తున్నావురా అని మా పెదనాన్నే అడిగాడు.

వెక్కిరించేవాళ్ళ కన్నా నాకు పొగిడేవాళ్ళతోనే చిరాకు ఎక్కువ. సంస్కృతమే కంప్యూటర్‌కి బెస్ట్ భాష అని నాసా చెప్పింది అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. 1985లో రిక్ బ్రిగ్స్ అని నాసా ఏమ్స్ సెంటర్‌లో పనిచేసే ఆయన, మన శాస్త్రకారులు వాక్యార్థాన్ని విడగొట్టే తీరుకీ కంప్యూటర్‌కి అర్థం అందించే తీరుకీ పోలిక ఉందని ఒక వ్యాసం రాశాడు, దాన్ని పట్టుకుని ఇంత చేశారు. అది ఫార్వర్డ్ చేసే మా ఆఫీసాయన ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం తీసుకుని జవాబులు ఇంగ్లీషులో రాశాడట, ఆయనే చెప్పాడు.

విమర్శల్లో నిజాలూ ఉన్నాయి. అర్థం మాకు దాదాపు చెప్పలేదు, అది భాష్యం, మూలం అంతా వచ్చాక చూద్దాం అనేవారు, అప్పటిదాకా ఉండేవాళ్ళు ఎందరు? లెక్కలూ ఇంగ్లీషూ నేను పదిహేడేళ్ళకి మొదలుపెట్టి ప్రైవేటుగా పది రాశాను, ఆల్జీబ్రా దగ్గర ఏడ్చాను కూడా. మా బ్యాచ్‌లో అందరూ ఉపనయనం అయిన బ్రాహ్మణ మగపిల్లలే, మిగతావాళ్ళకి ఎందుకు లేదు అని ఎవరైనా అడిగితే నా దగ్గర సమాధానం లేదు, అడగడం తప్పు అని కూడా నేను అనను.

పిల్లాణ్ణి వేసేముందు ఒక పూట వెళ్ళి సంత దగ్గర కూర్చోండి, పదికి పాస్ చేయిస్తారా లేదా తప్పక అడగండి. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, అమావాస్య, పౌర్ణమి నాడు మాత్రం వెళ్ళొద్దు, అనధ్యాయం, అంటే చదువుకి సెలవు. సుందరకాండలో హనుమంతుడు సీతమ్మ పాడ్యమినాడు చదివేవాడి చదువులాగా చిక్కిపోయింది అంటాడు, మేం ఆ ముక్క చూపించి పుస్తకం ముట్టేవాళ్ళం కాదు. ఆ రోజు వెళ్తే మీకు పంచెలు ఎగ్గట్టి క్రికెట్ ఆడుతూ కనబడతారు.