క్లాసుల్ని ఏ వరసలో టెస్ట్ చేయాలి?

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో ఇరవై క్లాసులు (కోడ్‌లోని విడివిడి భాగాలు) ఉంటే టెస్టింగ్ ఎక్కణ్నుంచి మొదలెట్టాలన్నది మీ ప్రశ్న. దేనిమీదా ఆధారపడని క్లాసు నుంచి. 'బిల్లు' క్లాసు 'వస్తువు'ను వాడుకుంటుంది కాబట్టి ముందు వస్తువు, తర్వాత బిల్లు. పేరెంట్ క్లాసు అయ్యాకే, దాన్నుంచి లక్షణాలు తీసుకునే చైల్డ్ క్లాసు. ఇంతవరకు టోపొలాజికల్ సార్ట్ (ఆధారపడేవి తర్వాత వచ్చేలా వరస పేర్చే పద్ధతి) చాలు.

చిక్కంతా చక్రాలతోనే. బిల్లుకు కస్టమర్ కావాలి, కస్టమర్‌కేమో తన పాత బిల్లులు కావాలి. కంప్యూటర్ శాస్త్రవేత్త రాబర్ట్ టార్జాన్ 1972లో ఇచ్చిన అల్గారిదం ఇలాంటి ముడులెక్కడున్నాయో పట్టిస్తుంది. అక్కడ ఒక లింకు తెంచి స్టబ్ (అసలు క్లాసు బదులు నిలబడే చిన్న ఉత్తుత్తి కోడ్) పెట్టాలి. కస్టమర్ క్లాసు బిల్లును అడిగేది 'మొత్తం ఎంత' అన్నదొక్కటే అయితే, 500 అని తిరిగిచ్చే స్టబ్ రెండు లైన్లలో అయిపోతుంది. తెంచాల్సింది ఆ లింకే. ఇన్‌హెరిటెన్స్ (పేరెంట్-చైల్డ్) లింకు జోలికి మాత్రం వెళ్లొద్దు, పేరెంట్‌కు స్టబ్ రాయడమంటే దాదాపు దాన్నే మళ్లీ రాయడం. (చక్రాలు మరీ ఎక్కువైతే నేనైతే ముందు డిజైన్‌నే అనుమానిస్తాను.) బిల్లు టెస్టులు పాసయ్యాక స్టబ్ తీసేసి, కస్టమర్ టెస్టులు మళ్లీ రన్ చేయండి. చాలామంది ఇదే మర్చిపోతారు.